పెళ్ళికి పూలు: ఎంపికలో కొన్ని మెలకువలు



ముహూర్తం పెట్టుకున్నది మొదలు బంగారం తూకం గురించీ, చీరల అంచుల గురించీ నెలల తరబడి ఆలోచిస్తాం. పూల సంగతి మాత్రం ఆఖరి రెండు రోజులకు వదిలేస్తాం. "రాజమండ్రిలో ఉండి పూలకు వెతుక్కోవాలా? కడియపులంక బజారు పక్కనే ఉందిగా" అని ధీమా. బజారు ఉన్న మాట నిజమే. బుర్రిలంక, పొట్టిలంక వంటి లంక గ్రామాల మట్టి పూల మొక్కలకు పెట్టింది పేరు. కాని ఏ పువ్వు ఎప్పుడు కొనాలో, ఎంత కొనాలో తెలియకపోతే ఖర్చు చేయి దాటుతుంది. ముహూర్తం వేళకు పూలు వడలిపోనూ పోతాయి.

ముందుగా కాలం చూసుకోండి. చామంతి రాత్రులు పొడుగైనప్పుడు మొగ్గ తొడిగే మొక్క. కనుక కార్తీకం నుంచి మాఘం దాకా చామంతి నిండుగా దొరుకుతుంది. మల్లె ఎండాకాలపు పువ్వు. చైత్ర వైశాఖాల్లో పెళ్ళి పెట్టుకుని పందిరంతా చామంతులే కావాలన్నా, మాఘంలో పెట్టుకుని మల్లెలే కావాలన్నా దూరం నుంచి రావాలి, ధర పెరగాలి. బంతిపూలు ఇంచుమించు ఏడాది పొడుగునా ఉంటాయి కాబట్టి పందిరి భారం వాటిమీద వేయండి. ఇక శ్రావణంలో ముహూర్తమైతే, వరలక్ష్మీ వ్రతం నాడు ఇంటింటా పూలు కొంటారని గుర్తుంచుకుని ముందుగానే మాట్లాడుకోండి.

రెండోది కొలత. మూర అంటే అడుగున్నర. కాని అమ్మేవారి మూర ఒకటి, మన మూర ఒకటి కదండీ! అందుచేత గుమ్మాలనూ స్తంభాలనూ టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉన్న గుమ్మానికి మూడు వైపులా దండ వేయాలంటే పద్దెనిమిది అడుగులు, అంటే పన్నెండు మూరలు. ఇలా లెక్క కట్టి బేరం చేస్తే ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మాట తేడా రాదు. దండ ఎంత ఒత్తుగా కట్టాలో కూడా ముందే చెప్పండి. పలచగా కట్టినా మూర మూరే అవుతుంది మరి.

మల్లెలు మొగ్గలుగానే కొనాలి. తెల్లవారుజామున కోసిన మొగ్గ సాయంత్రానికి విచ్చుకుని వాసన వేస్తుంది. రాత్రి ముహూర్తానికి అదే సరిపోతుంది. తెచ్చిన మొగ్గలను తడిపి పిండిన పలచని గుడ్డలోగాని, అరటాకులోగాని వదులుగా చుట్టి నీడన ఉంచండి. నీళ్ళు గుమ్మరిస్తే రేకులు గోధుమరంగుకు తిరుగుతాయి. కనకాంబరాలకు వాసన లేదు గాని బరువూ లేదు. మధ్య మధ్య మరువం కలిపితే ఆ లోటు తీరుతుంది.

పూలజడ కుట్టించేటప్పుడు పెళ్ళికూతురి మెడను తలుచుకోండి. గంటల తరబడి పీటల మీద కూర్చోవలసింది ఆ పిల్లే. జడ బరువును పాయల్లో గట్టిగా నిలిపేలా కుట్టించండి. జీలకర్ర బెల్లం పెట్టేది నడినెత్తిన కనుక అక్కడ పూలు గుట్టగా పేర్చవద్దు. దండలకూ ఇదే మాట. గులాబీ దండలను నీళ్ళు పూర్తిగా వడిచిన తరువాతే అందించండి. తడి ఎర్రగులాబీ రంగు తెల్లని మధుపర్కాల మీద పడితే ఆ మరక ఓ పట్టాన వదలదు.

రిసెప్షన్‌కు ఇప్పుడు బొకేలు వచ్చాయి. జెర్బెరా, కార్నేషన్ వంటి పూలు తెస్తే కాడల చివరలు ఏటవాలుగా కోసి, నీళ్ళలో మునిగే ఆకులు తుంచేసి, శుభ్రమైన బకెట్టులో నిలబెట్టండి. మన పెళ్ళిళ్ళలో తరచు జరిగే పొరపాటు ఒకటుంది. పూలనూ అరటిగెలలనూ ఒకే గదిలో పెడతాం. పండే అరటిపండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. దాని వల్ల కార్నేషన్లు, గులాబీలు తొందరగా వాడిపోతాయి. రెంటినీ వేరు గదుల్లో ఉంచండి. పూలు గుచ్చడానికి దుకాణాల్లో వాడే పచ్చని స్పాంజి దిమ్మె మట్టిలో కలవదు. దాని బదులు అరటిబోదె ముక్క తీసుకుని, పువ్వులను ఈనెపుల్లలతో గుచ్చి చూడండి. తడి దానిలోనే ఉంటుంది, డబ్బూ మిగులుతుంది. ఏసీ హాలయితే లిల్లీ దండలు పెద్దవాళ్ళ కుర్చీలకు దూరంగా కట్టించండి. రాత్రివేళ వాటి ఘాటుకు కొందరికి తలనొప్పి వస్తుంది.

చివరగా ఒక మాట. పూలు ఎన్ని కొన్నామన్నదే కాదు, ఎవరికి ఇచ్చామన్నదీ చూసుకోవాలి. పేరంటాళ్ళకు పూలు పంచే పళ్ళెం భర్త పోయిన ఆడవారి దగ్గరకు వచ్చేసరికి పక్కకు తప్పుకుంటుంది. ఒక్కొక్కసారి ఆవిడ పెళ్ళికూతురి కన్నతల్లే అవుతుంది! పూల ఖర్చు పెట్టిందీ ఆవిడే, మొగ్గలు ఏరి మాల కట్టిందీ ఆవిడే. పూలు మనకు పుస్తెలతో వచ్చినవి కావు, ఊయలనాటి నుంచీ ఉన్నవి. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది మన రాజమండ్రిలోనే. ఆ ఊరి చుట్టుపక్కల వాళ్ళం, ఒక మూర పూలు చేతికివ్వడానికి ఇంకా వెనకాడితే ఏం బాగుంటుంది? తీసుకోవడం, మానడం ఆవిడ ఇష్టం. పళ్ళెం మాత్రం ఆవిడ ముందు ఆగాలి. ఆ పళ్ళెం ఎవరి చేతికివ్వాలో, ఏం చెప్పి ఇవ్వాలో ముందురోజే అనుకోండి. పెళ్ళి హడావిడిలో అప్పటికప్పుడు ఎవరికీ తోచదు.

పూలకని రాసుకున్న కాగితంలో కొలతల కింద ఈ ఒక్క పద్దు కూడా చేర్చుకోండి.