వడ్డీ తిందాం, అసలు ముట్టుకోవద్దు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం ప్రతినిధి చేసిన ప్రసంగం)



పొద్దుట్నుంచీ అప్పులు, కిస్తీలు, రికవరీ గురించి మాట్లాడుకున్నాం. నేను పొయ్యిలో పెట్టే కట్టె గురించి మాట్లాడతాను. నవ్వకండి, అదీ లెక్కే.

1999లో దీపం పథకం కింద మన సంఘాల ఆడవాళ్ళకు గ్యాస్ వచ్చింది. 2016 నుంచి ఉజ్జ్వల కింద ఇంకొందరికి వచ్చింది. అయినా నీళ్ళ కాగుకీ, గొడ్ల దాణాకీ, బండ అయిపోయిన నెలాఖరుకీ కట్టెల పొయ్యి రాజేసేవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం.

ముందు నా తప్పు చెప్తాను. మా ఊరి గుట్ట మీద తిరుమాను, చండ్ర, తునికి ఉండేవి. మోపుకి వెళ్ళి మొదట కొమ్మలు కొట్టాం, తర్వాత మానులు కొట్టాం. అవీ అయిపోయాక గడ్డపారలు పట్టుకెళ్ళి మొదళ్ళు తవ్వుకొచ్చాం. నేనూ తవ్వాను. మొద్దు రాత్రంతా నిప్పు నిలుపుతుందని సంబరపడ్డాను. ఆ మొదలుతో పాటు రాబోయే చెట్టునే పొయ్యిలో పెట్టానని అప్పుడు తెలీలేదు. తర్వాత మోపు కోసం ఇంకో గుట్ట దాటి నడవాల్సి వచ్చింది.

చెట్టును సరిగ్గా కొడితే చావదు. మొదలు, వేరు ఉంటే పిలకేస్తుంది. వేప, సుబాబుల్, జామాయిల్, తిరుమాను అన్నీ అంతే. తాడి మాత్రం నరికితే మళ్ళీ రాదు. మన పొదుపు లెక్కలో చెప్పాలంటే వేరు అసలు, ఏటా పెరిగే కట్టె వడ్డీ. వడ్డీ తింటే సంఘం నిలుస్తుంది, అసలు తింటే మూతపడుతుంది.

మరి వడ్డీ ఎంతో ఎలా తెలుస్తుంది? పది ఎకరాలుంటే పది కూపులు చేసుకుని ఏటా ఒక్క కూపే కొట్టాలి. పదో కూపు కొట్టిన మరుసటి ఏడు మొదటి కూపులో పదేళ్ళ చెట్లుంటాయి. ఎన్ని కూపులు చేయాలనేది జాతిని బట్టి, నేలను బట్టి ఉంటుంది. మంచి నేలలో సుబాబుల్‌కి నాలుగేళ్ళు చాలు. రాళ్ళ గుట్ట మీది తిరుమానుకి ఇరవై ఏళ్ళు పట్టొచ్చు. నేలకు జానెడు లోపే, వాలుగా, బెరడు చీలకుండా పదునైన గొడ్డలితో కొట్టాలి. తొలకరికి ముందే పని ముగించాలి. మొదలుకి రెండు మూడు నిటారు పిలకలు ఉంచి మిగతావి తీసేస్తే ఆ తీసినవీ వంటచెరకే. కొట్టిన కూపులోకి రెండు మూడేళ్ళు మేకల్ని రానివ్వకూడదు. ఇప్ప, ఉసిరి, విత్తనపు చెట్లు ముట్టుకోకూడదు.

పోయినేడు ఒక బేరగాడు వచ్చాడు. గుట్టంతా ఒకేసారి ఇచ్చేస్తే కట్టెతో కరెంటు తీసేచోటికి తోలుకుంటామన్నాడు. అడ్వాన్సు అన్నాడు. కిస్తీ కట్టాల్సిన చెల్లెళ్ళు ఇద్దామన్నారు, వాళ్ళ అవసరం అబద్ధం కాదు. మేం లెక్కేశాం. ఒక యూనిట్ కరెంటుకి కిలో నుంచి కిలోన్నర ఎండు కట్టె కావాలి. ఒక్క మెగావాట్ యంత్రం రోజంతా తిరిగితే 24,000 యూనిట్లు. అంటే రోజుకి 24 టన్నులకు తగ్గదు. ఆ ఆకలికి మా గుట్ట ఎన్నాళ్ళు? వాళ్ళకు చెరువులో పెరిగిన సర్కారు తుమ్మ చూపించాం. అది ఎంత కొట్టినా పిలకేస్తుంది. గుట్ట ఇవ్వలేదు. ఇద్దరు చెల్లెళ్ళు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆ కిస్తీల సంగతి సంఘం ముందే చూసుకుని ఉండాల్సింది.

కొట్టేదాన్ని తగ్గించడమూ మన చేతిలోనే ఉంది. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే. మన మంట ముందు ఆ నీళ్ళను కాచాలి, పొగ మన కళ్ళలోకి రావాలి. చీల్చి, పాక కింద గాలాడేలా పేర్చి ఆర్నెల్లు ఆరబెట్టండి. మూడు రాళ్ళ పొయ్యిలో పది పాళ్ళ వేడిలో గిన్నెకు చేరేది ఒక పాలు. మెరుగైన పొయ్యిలో రెండు పాళ్ళు, ఇంకాస్త ఎక్కువే. అదే వంటకి సగం మోపు చాలు.

ఇంకో మాట. అడవిలో మన ఇష్టానికి కొట్టలేం. 1992 నుంచి వనసంరక్షణ సమితులున్నాయి. ఏ కూపు ఎప్పుడనేది అటవీశాఖతో కలిసి రాసుకునే సూక్ష్మ ప్రణాళికలో ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పొందిన గ్రామసభకు అడవిని కాపాడి నిర్వహించుకునే హక్కుంది. ఆ సమావేశాలకు మగవాళ్ళను పంపి మనం ఇంట్లో కూర్చుంటే, మోపు మోసే మన మాట అందులోకి ఎక్కదు.

అందుకే మూడు తీర్మానాలు అడుగుతున్నాను. ఏ సంఘం సభ్యురాలూ మొదళ్ళు తవ్వకూడదు. సమితి సమావేశానికి ప్రతి సంఘం నుంచి ఇద్దరు వెళ్ళాలి. కిస్తీ కష్టం వచ్చిన చెల్లెలు బేరగాడి దగ్గరికి పోకముందే సంఘం దగ్గరికి రావాలి, వస్తే సంఘం చూసుకోవాలి.

మా గుట్ట మీద మూడో కూపు దాకా వచ్చాం. మొదటి కూపులో పిలకలు నా నడుం దాటాయి. ఆ కట్టె కోతకొచ్చేనాటికి నేను మోపు ఎత్తలేకపోవచ్చు. మా కోడలు ఎత్తుతుంది, దగ్గర్లోనే ఎత్తుతుంది.