విమానం ముందు దిగిన ఫొటో
(సంఘం స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు ఒక మాటన్నారు: "నువ్వు విమానాల గురించి చెప్పు, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది." ఆ మాటతోనే ఇవాళ నాకు ఇబ్బంది మొదలైంది. హెడ్‌మాస్టర్ గదిలో, బీరువా పక్కన గోడకు ఒక ఫొటో ఉంది, మీలో చాలామంది చూసి ఉంటారు. ఎర్ర విమానం ముందు ఒక బక్కపలచని కుర్రాడు నిలబడి ఉంటాడు. కింద "మన పూర్వ విద్యార్థి, విమాన ఇంజనీరు, ఇంగ్లండ్" అని రాసి ఉంటుంది. ఆ కుర్రాడిని నేనే. ఇంగ్లండ్ వరకు నిజం. విమాన ఇంజనీరు మాత్రం అబద్ధం. నేను బాయిలర్ల ఇంజనీరుని. ముప్పై ఏళ్ళుగా పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఆవిరి, బర్నర్లు, వాల్వులతోనే నా బతుకు. ఆ ఫొటో దిగిన రోజున నేను చేసిన పని ఇంజనీరింగ్ కాదు. మాంసం కాల్చాను.

మన బడి మీదుగా దుండిగల్ నుంచి కిరణ్ జెట్లు వెళ్ళేవి, గుర్తుందా? అవి వచ్చినప్పుడు సోషల్ సార్ పాఠం ఆపేసేవారు. లెక్కల సార్ మాత్రం ఆపేవారు కాదు. దాన్నే లెక్క చేసేవారు. "విమానం నెత్తి మీదికొచ్చె, మోత ఇంక వెనకనే ఉండె. ఎందుకు రా?" అని అడిగి, శబ్దం సెకనుకు 340 మీటర్లని బోర్డు మీద రాసి, అది ఎంత ఎత్తులో పోతుందో మాతో కట్టించేవారు. నాకు విమానాల పిచ్చి పట్టింది ఆ బోర్డు దగ్గరే.

1992లో బీటెక్ అయ్యాక మా నాన్న రెండెకరాలు కుదువ పెట్టి నన్ను బ్రిస్టల్‌లో ఎమ్మెస్సీకి పంపారు. బ్రిటన్‌లో కాంకార్డ్ తయారైంది ఆ ఊరి పక్కన ఫిల్టన్‌లోనే. కానీ నేను చేరింది మెకానికల్, అందులోనూ ఉష్ణం వైపు. ఏడాది తిరిగేసరికి చేతిలో డబ్బు ఆఖరుకొచ్చింది. జూలైలో ఇంటద్దె కట్టాలి. సెలవుల్లో పనిచేయాలంటే మాలాంటివాళ్ళు జాబ్‌సెంటర్ నుంచి అనుమతి కాగితం తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాను. దొరికిన పని ఫెయిర్‌ఫోర్డ్ విమాన ప్రదర్శనలో తిండి స్టాల్.

ఫెయిర్‌ఫోర్డ్ గ్లాస్టర్‌షైర్‌లో ఒక వైమానిక స్థావరం. మూడు కిలోమీటర్ల పొడవు రన్‌వే. 1969లో బ్రిటన్ కాంకార్డ్ మొదటిసారి ఎగిరినప్పుడు ఫిల్టన్‌లో లేచి దిగింది అక్కడే. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా బి-52 బాంబర్లు లేచిందీ అక్కడి నుంచే. అక్కడ జరిగే ఎయిర్ టాటూ ప్రపంచంలోని పెద్ద సైనిక విమాన ప్రదర్శనల్లో ఒకటి. 1993లో అది జూలై 24, 25 తేదీల్లో, శని ఆదివారాలు. శుక్రవారం సామాన్లు దింపడం, శనివారం పద్నాలుగు గంటలు, ఆదివారం పద్నాలుగు గంటలు. గంటకు మూడు పౌన్లు. అప్పటికి బ్రిటన్‌లో జాతీయ కనీస వేతనం లేదు, అది 1999లో అమల్లోకి వచ్చింది. కాబట్టి మూడంటే మూడే.

మా బృందంలో సగం విద్యార్థులం. నన్ను బీఫ్ బర్గర్ల పెనం దగ్గర, లాహోర్ నుంచి వచ్చిన ఒక కుర్రాడిని పంది మాంసం బేకన్ దగ్గర నిలబెట్టారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సూపర్‌వైజర్‌ని అడిగితే, "ఎవరు ఎక్కడుంటే నాకేం, క్యూ కదలాలి" అన్నాడు. అలా శుక్రవారం సాయంత్రం భారత్, పాకిస్తాన్ స్థానాలు మార్చుకున్నాయి. శనివారం పది దాటాక ఎవరి ముందు ఏముందో చూసే తీరిక ఎవరికీ లేదు. నేను మూడు పెనాల మధ్య తిరుగుతూ చేతికందింది తిప్పాను. మా అమ్మకు ఈ ముక్క ఈ రోజు వరకు చెప్పలేదు. ఆమె ముందు వరసలోనే కూర్చుంది. అమ్మా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.

కాల్చడంలో ఏముంటుందని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. బర్గర్ గడ్డకట్టిన బిళ్ళగా వస్తుంది. మంట పెంచితే పైన మాడుతుంది, లోపల మంచే ఉంటుంది. ఖీమా కాబట్టి పైన ఉండాల్సిన క్రిమి లోపలికి కలిసిపోయి ఉంటుంది. ముక్కగా ఉన్న మాంసానికి పైపైన వేడి చాలు, ఖీమాకి చాలదు. అంతకు కొన్ని నెలల ముందే అమెరికాలో సరిగ్గా ఉడకని బర్గర్ల వల్ల నలుగురు పిల్లలు చనిపోయారు. అందుకని ఒక సూది థర్మామీటర్ ఇచ్చి, "నడుమ 70 డిగ్రీలు, రెండు నిమిషాలు" అని అందరి చేతా వల్లె వేయించారు. క్యూలో రెండొందల మంది ఉన్నప్పుడు ఆ రెండు నిమిషాలు ఎంత పొడుగో నిలబడ్డవాడికే తెలుస్తుంది. గరిటెతో బిళ్ళను అదిమితే తొందరగా అవుతుందని కొత్తవాళ్ళు అదుముతారు. నేనూ అదిమాను. కొవ్వు కారి మంట లేచి, కుడి మణికట్టు పైన కాలింది. మచ్చ ఇంకా ఉంది.

మధ్యాహ్నానికి మంటలు చిన్నబోయాయి. గ్యాస్ అయిపోయిందని సిలిండర్ మార్చబోయారు. చూస్తే సిలిండర్ అడుగు భాగమంతా తెల్లగా మంచు పట్టి ఉంది, జూలై నెలలో. ఇది నా పాఠం! ప్రొపేన్ ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. అన్ని బర్నర్లూ ఒకే సిలిండర్ నుంచి లాగుతుంటే, గాలి నుంచి వచ్చే వేడి సరిపోక ద్రవం చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. గ్యాస్ ఉంది, బయటికి రాలేకపోతోంది. రెండు సిలిండర్లూ ఒకేసారి తెరవమన్నాను, నీడలోంచి ఎండలోకి జరపమన్నాను. పావుగంటలో మంట లేచింది. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు గానీ ఒక టీ తెచ్చి నా పక్కన పెట్టాడు. ఏడాది ఎమ్మెస్సీలో నేను నేర్చుకున్నది ఒక మనిషికి పనికొచ్చింది మొదటిసారి అప్పుడే. ఆ టీ రుచి ఇప్పటికీ చెప్పగలను, చక్కెర ఎక్కువైంది.

ఇక ఆ సంఘటన. ఆ శనివారం రష్యా నుంచి వచ్చిన రెండు మిగ్-29లు జంటగా ఎగురుతున్నాయి. మిగ్ అనే పేరు మనకు ఇంటి పేరు లాంటిది. 1987 నుంచి మిగ్-29లు మన వాయుసేనలోనూ ఉన్నాయి. మైకులో ఆ పేరు వినగానే నా కాళ్ళు ఆగలేదు. పెనం మీద ఇరవై నాలుగు బిళ్ళలు పెట్టి, "అర నిమిషం" అని ఎవరికి చెప్పానో కూడా తెలియకుండా గుడారం బయటికొచ్చి నిలబడ్డాను.

మబ్బు పట్టి ఉంది. ఒకటి మబ్బులోకి పోయినట్టుంది. తర్వాత రెండూ ఒకే చోట ఉన్నాయి. మంట కనబడింది. చప్పుడు లేదు. ఆ మోత వచ్చేలోపు నాకు లెక్కల సార్ బోర్డు గుర్తొచ్చిందంటే మీరు నవ్వుతారేమో, కానీ వచ్చింది. ముక్కలు మంటలతో జనానికి దూరంగా పడ్డాయి. నల్లటి పొగ లేచింది. ఒక పారాచూట్ కనిపించింది. అంత జనంలో ఒక్క గొంతు లేదు. పసిపిల్ల ఎక్కడో ఏడుస్తోంది. కొంతసేపటికి ఇద్దరు పైలట్లూ క్షేమమని తెలిసింది. కింద ఉన్నవాళ్ళలోనూ ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. వాళ్ళను బయటికి విసిరిన కె-36 సీటు గురించి తర్వాత లైబ్రరీలో కూర్చుని దొరికినంత చదివాను. నాలుగేళ్ళ కిందట పారిస్ ప్రదర్శనలో, 1989లో, నేలకు చాలా దగ్గర నుంచి ఇంకో మిగ్-29 పైలట్‌ని కాపాడింది కూడా అదే సీటు.

ఒళ్ళంతా వణుకుతూ లోపలికి తిరిగొచ్చాను. నా పెనం ఆరిపోయి ఉంది. పైన ఇరవై నాలుగు బొగ్గు బిళ్ళలు. కొవ్వుకి నిప్పంటుకుందట. ఉల్లిపాయలు తరిగే పెద్దావిడ ఉండేది, అరవై దాటి ఉంటాయి. ఆమె బయటికి రాలేదు. సిలిండర్ వాల్వు కట్టేసి, పెనం మీద మూత వేసి, మళ్ళీ వచ్చి ఉల్లిపాయలు తరుగుతోంది. పొద్దున సిలిండర్ల గురించి అందరికీ పాఠం చెప్పింది నేను. వెలుగుతున్న గ్యాస్ వదిలేసి ఆకాశం చూడ్డానికి పరుగెత్తింది కూడా నేనే. గుడారం నిండా మనుషులున్నారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "వాళ్ళు బతికారా?" అని మాత్రం అడిగింది. బతికారన్నాను. "అయితే ఇది గీకు" అని ఇనుప గోకుడు చేతికిచ్చింది.

నేను పెనం గీకడం పూర్తి కాకముందే క్యూ మళ్ళీ తయారైంది. అది చూసి అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. భయపడ్డ మనిషికి ఆకలేస్తుంది, పిల్లలకు మరీను.

ఆదివారం రాత్రి లెక్క చూస్తే ముప్పై ఆరు గంటలకు 108 పౌన్లు రావాలి. మాడిన బిళ్ళల కింద పన్నెండు కోశారు. బిళ్ళ అర పౌను అన్నమాట. ఎక్కువే. కానీ వాదించలేదు, వాల్వు సంగతి వాళ్ళ దాకా పోకపోవడమే నాకు చాలు. వెళ్ళే ముందు ఏప్రన్ విప్పి, ప్రదర్శనకు నిలిపిన ఒక హాక్ ట్రైనర్ ముందు నిలబడ్డాను. లాహోర్ కుర్రాడు ఫొటో తీశాడు. అదే ఆ ఫొటో.

లెక్కల సార్‌కి ఉత్తరంతో పాటు అది పంపాను. ఏం రాశానో బాగా గుర్తుంది: "ఇక్కడ పెద్ద విమాన ప్రదర్శనలో మూడు రోజులు పనిచేశాను సార్." ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడండి. అందుకే అది అంత గట్టి అబద్ధమైంది. సార్ ఆ ఉత్తరాన్ని ప్రార్థన సమయంలో చదివారు. ఫొటోకి ఫ్రేము కట్టించారు. కింద రాత ఎవరు రాశారో నాకు తెలియదు.

1994లో తిరిగొచ్చి బడికి వెళితే గోడ మీద నేను ఉన్నాను. సార్ సంతోషంగా నా చేయి పట్టుకున్నారు, మచ్చ కనబడింది. వేలితో దాన్ని తడిమి, "విమానం కాల్చిందారా?" అన్నారు. "అవును సార్" అన్నాను. ఒక్క క్షణం నా ముఖం చూసి, అటెండర్‌ని పిలిచి రెండు చాయ్‌లు తెమ్మన్నారు. సార్ ఇంట్లో ఐదు మంది ఆడపడుచుల మధ్య వంట చేసి పెరిగిన మనిషి, నూనె కాలిన మచ్చ ఎలా ఉంటుందో ఆయనకు తెలియకుండా ఉంటుందా? 2011లో ఆయన పోయేదాకా నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఇంకో మాట ఉంది, అది కష్టమైనది. 2002 బ్యాచ్ తమ్ముడొకడు వాయుసేనలో టెక్నీషియన్‌గా చేరాడు. బీదర్‌లో పనిచేశాడు. ఫొటోలో నా వెనకున్న హాక్ లాంటివే ఇప్పుడు అక్కడ మన పైలట్లకు శిక్షణ విమానాలు. పదిహేనేళ్ళ కింద ఇదే సభలో నా దగ్గరికొచ్చి, "అన్నా, నీ ఫొటో చూసే ఈ లైన్లకు వచ్చిన" అన్నాడు. నేను అతని భుజం తట్టాను. తట్టి ఊరుకున్నాను. ఈ ముప్పై ఏళ్ళలో నాకు నిద్ర పట్టని రాత్రులు కొన్నున్నాయంటే అందులో ఆ రాత్రి ఒకటి.

అతను మూడో వరసలో ఉన్నాడు. అతను ఇక్కడ అందరి మధ్య వినకూడదని నిన్న రాత్రి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందే చెప్తే ఏమైతుండె అన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ కాసేపాగి, "ఆ సిలిండర్ మంచు సంగతి మాత్రం మంచిగుంది, మా పిల్లగానికి చెప్త" అన్నాడు.

ఫొటో తీసేయమని కార్యదర్శి గారిని అడిగాను, ఒప్పుకోలేదు. కింద రాత మార్చడానికి ఒప్పుకున్నారు. "ఫెయిర్‌ఫోర్డ్ విమాన ప్రదర్శన, ఇంగ్లండ్, జూలై 1993. మన పూర్వ విద్యార్థి, తిండి స్టాల్‌లో పనిచేసిన రోజు" అని ఇవాళ పొద్దునే నా చేతి రాతతో రాసిచ్చాను. జిగురు ఇంకా ఆరలేదు, భోజనాల తర్వాత చూడండి.