యార్కుటౌను ముట్టడి

అమెరికావాసులు ఆంగ్లప్రభుత్వముపై తిరుగబడి ఆఱేండ్లు గడచినను జయమెవ్వరిదో తేలలేదు. 1781వ సంవత్సరపు వేసవిలో వాషింగ్టను సేనాపతి న్యూయార్కు సమీపమున విడిసి, ఆ పట్టణమును ఆంగ్లసేనాని క్లింటను చేతినుండి పట్టవలెనని తలంచుచుండెను. ఆతనికి తోడు వచ్చిన ఫ్రెంచి సేనాని రోషాంబో దక్షిణమునకు పోవుటయే మేలనెను.

దక్షిణమున, వర్జీనియాలో, కార్న్‌వాలీసు ప్రభువు ఏడెనిమిదివేల బలముతో యార్కుటౌనను చిన్న రేవుపట్టణమున దిగియుండెను. ప్రక్కను నది, ఆవల చీసపీకు అఖాతము, దానికవతల మహాసముద్రము. ఆంగ్లేయులకు సముద్రము పెరటిద్వారము వంటిది. తిండియు, మందుగుండును, తోడుసేనయు ఆ త్రోవనే వచ్చును. ఆపద కలిగినచో ఆ త్రోవనే పోవచ్చును. దానిని మూయగలవాడెవడు?

పశ్చిమ ఇండియా దీవులనుండి ద గ్రాస్ అను ఫ్రెంచి నౌకాపతి చీసపీకునకు వచ్చుచున్నాడని ఆగస్టు 14న వార్త అందెను. వాషింగ్టను తన పంతము మాని వెంటనే దక్షిణమునకు కదలెను. క్లింటనును ఏమార్చుటకై న్యూజర్సీలో రొట్టెలు కాల్చు పొయ్యిలు కట్టించిరి. పొయ్యిలు కట్టినవారు అచ్చటనే మకాము వేయుదురని ఎవరికైనను తోచును గదా! దారిలో అమెరికా భటులు జీతములు లేవని మొఱపెట్టగా, ఫ్రెంచివారియొద్ద అప్పుచేసి ఒక నెల జీతము నాణెములుగా చేతబోసిరి.

సెప్టెంబరు 5న అఖాతముఖమున 19 ఆంగ్లనౌకలును 24 ఫ్రెంచి నౌకలును తలపడెను. నాటి సాయంకాలమువఱకు ఒక్క ఓడయు మునుగలేదు. కాని కొన్నిదినములకు ఆంగ్లనౌకలు న్యూయార్కునకు మరలిపోయెను, ద్వారము మూతపడెను. నా మతమున యుద్ధము ఆనాడే తీరినది. తరువాతిది లెక్క తేల్చుట మాత్రమే.

సెప్టెంబరు 28న ముట్టడి మొదలయ్యెను. అక్టోబరు 9 మొదలు ఫిరంగులు పట్టణమును పొడిచేసెను. 14వ తేది రాత్రి రెండు బురుజులు పడిపోయెను. 16వ తేది రాత్రి కార్న్‌వాలీసు నది దాటి తప్పించుకొనజూడగా గాలివాన పడవలను చెదరగొట్టెను. 19న సుమారు ఏడువేలమంది ఆయుధములు దింపిరి. ప్రభువు వ్యాధిమిషచే తాను రాక ఉపసేనానిని పంపెను. వాషింగ్టనును ఆతని ఖడ్గము నందుకొనక తన ఉపసేనానిని చూపెను. మర్యాదకు మర్యాద!

పెక్కు గ్రంథములు ఒక్క వాక్యముతో దాటిపోవు విషయ మొకటి కలదు. స్వేచ్ఛ దొరకునను ఆశతో వేలకొలది నల్లజాతి బానిసలు ఆంగ్లసేనను చేరిరి. తిండి తరిగి, మశూచికము వ్యాపింపగా, కార్న్‌వాలీసు వారిని పట్టణమునుండి వెడలగొట్టించెను. ఎందరో అడవులలో మరణించిరి. చిక్కినవారిని, స్వాతంత్ర్యమునకై పోరిన ఆ విజేతలే, మరల యజమానుల కప్పగించిరి. ఆ దేశమున బానిసత్వము రద్దగుటకు 1865 వఱకు పట్టెను.

1783లో పారిసు సంధిచే ఆంగ్లేయులు అమెరికా స్వాతంత్ర్యము నొప్పుకొనిరి. ఓడిన కార్న్‌వాలీసునకు మాత్రము పదవి పోలేదు. 1786లో ఆతడు మన దేశమునకు గవర్నరు జనరలై వచ్చెను. జమీందారులు కట్టవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించు పర్మనెంటు సెటిల్‌మెంటును 1793లో వంగదేశమున స్థాపించినవా డీతడే. 1802 మొదలు ఆ పద్ధతి ఉత్తర సర్కారులకును వచ్చెను. 1948వ సంవత్సరపు చట్టముచే ఎస్టేటులు రద్దగువఱకు విశాఖపట్టణము మొదలగు జిల్లాల రైతులు తరతరములుగా ఆ జమీందారులకే శిస్తు చెల్లించిరి.