చిన్న తల్లి కార్డు చదువుదాం

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ బస్తీల మహిళలతో ఒక నర్సమ్మ చెప్పిన మాటలు)



పని కోసం పల్లెల నుంచి ఎందరో మన బస్తీలకు వస్తారు. కొన్ని ఇళ్లల్లో చిన్న వయసులోనే పెళ్లయిన కోడలు ఉంటుంది. ఆ పిల్లకు 17 ఏళ్లు అనుకుందాం. నెల తప్పింది. సిగ్గుతో ఎవరికీ చెప్పదు. తెలిశాక అత్త "ఐదో నెల రానీ, అప్పుడు చూద్దాం" అంటుంది. ఇక్కడే తప్పు జరుగుతుంది.

ఆ పిల్ల ఒళ్లే ఇంకా ఎదుగుతోంది. లోపల ఇంకో ప్రాణం ఎదగాలి. తిండి ఇద్దరికీ చాలాలి. ఇంత చిన్న వయసు తల్లులకు బి.పి. పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ. బిడ్డ నెలలు నిండకముందే పుట్టవచ్చు. బరువు తక్కువగా ఉండవచ్చు.

మరి ఏం చేయాలి? మూడు నెలల్లోపే ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించండి. తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. కాన్పులోపు కనీసం 4 సార్లు పరీక్ష చేయించాలి. డాక్టరు ఇంకా ఎక్కువసార్లు రమ్మంటే తప్పక వెళ్లాలి. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు మలక్‌పేట ఏరియా ఆసుపత్రి దగ్గర. ఎల్.బి.నగర్ వాళ్లకు వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి దగ్గర.

మీరిప్పుడు చదవడం నేర్చారు. ఆ కార్డు మీరే తీసి చూడండి. రక్తం అంకె 11 కంటే తక్కువ ఉందా? రక్తం చాలదన్నమాట. 7 కంటే తక్కువైతే చాలా ప్రమాదం. బి.పి. 140/90 గానీ, అంతకు మించి గానీ ఉందా? ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర, 180 రోజులు వేయాలి. టీతో వేయకూడదు. మలం నల్లగా వస్తే భయపడకండి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద భోజనం, గుడ్డు, పాలు పెడతారు. ఆ పిల్లను రోజూ పంపండి.

తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, ముఖం వాచినా, రక్తం పోయినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

"18 నిండలేదు కదా నర్సమ్మా, పోలీసులు వస్తారేమో?" అని మీరు అడగవచ్చు. 18 నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. వయసు తక్కువైతే డాక్టరు పోలీసులకు తెలపాలి. అదీ చట్టమే. మీ దగ్గర దాచను. కానీ ఆ భయంతో పిల్లను ఇంట్లో దాస్తే రెండు ప్రాణాల మీదికి వస్తుంది. తప్పు పెద్దలది. శిక్ష ఆ పిల్లకు పడకూడదు.

మీ పక్కింట్లో అలాంటి పిల్ల ఉందా? రేపు పొద్దున్నే వెళ్లండి. "నీ కార్డు ఏదమ్మా? నేను చదివి చెప్తా" అనండి.

మీరు నేర్చిన చదువు ఇద్దరిని బతికిస్తుంది. ఇక సెలవు.