వినపడకపోయినా ‘రోజర్’ అన్నాను



నేను హ్యామ్ రేడియో ఆపరేటర్ని. సెల్ టవర్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా, మేడ మీద కట్టిన ఒక తీగతో, సొంత సెట్‌తో దేశదేశాల వాళ్లతో మాట్లాడే హాబీ ఇది. కేంద్ర ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్స్ ఇస్తుంది. సరదాకే మొదలుపెడతాం, కానీ అవసరం కూడా వస్తుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకి విశాఖలో ఫోన్లు మూగబోతే, హ్యామ్‌లు సెట్లు పట్టుకుని వెళ్లారు.

మరి అలాంటి పనిలో ఉన్నవాడికి చెవులు పోతే?

నేను పాతికేళ్లు స్పిన్నింగ్ మిల్లులో పనిచేశాను. పగలు యంత్రాల హోరు. రాత్రి హెడ్‌ఫోన్‌లో ఫుల్ వాల్యూమ్. చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకోవాలని ఒక్కరోజూ అనుకోలేదు. ఒకరోజు మా ఆవిడ ‘చారు కాగింది’ అంటే, నాకు ‘కారు ఆగింది’ అని వినపడి గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చాను. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

తర్వాత ఒక మాక్ డ్రిల్ జరిగింది. వరద వచ్చినట్టు అనుకుని మెసేజ్‌లు పంపుకోవడం. అవతలి నుంచి ‘ఫిఫ్టీన్ బ్లాంకెట్స్’ అన్నారు. నేను ‘ఫిఫ్టీ’ అని రాసుకున్నాను. చివర సరిగా వినపడలేదని నాకు తెలుసు. అయినా ‘రోజర్’ అన్నాను. రేడియోలో రోజర్ అంటే ‘మీరు చెప్పింది మొత్తం అందింది’ అని. అంటే నేను అబద్ధం చెప్పాను. డ్రిల్ కాబట్టి సరిపోయింది. అదే నిజం వరదలో, మందుల లెక్కలో అయితే?

ఆ రోజు సెట్ ఆపేసి, ఎనిమిది నెలలు ముట్టుకోలేదు.

చివరికి మా సీనియర్ ఒకాయన ఇంటికొచ్చారు. విషయం చెప్పాను. ఆయన అడిగారు: ‘క్యూఆర్‌ఎమ్ అంటే ఏంటయ్యా?’ వేరే స్టేషన్లు అడ్డం రావడం అన్నాను. ‘క్యూఆర్‌ఎన్?’ ఉరుముల గరగర. ‘క్యూఎస్‌బీ?’ సిగ్నల్ తగ్గుతూ పెరుగుతూ ఉండటం. ‘మరి వినపడకపోవడానికే ఇన్ని కోడ్‌లు పెట్టుకున్నాం కదా! మళ్లీ చెప్పమని అడగడానికి నీకు సిగ్గెందుకు?’ అన్నారు.

మర్నాడే వినికిడి పరీక్షకి వెళ్లాను. నాకు పోయింది పై ఫ్రీక్వెన్సీలు. స, చ, త, ఫ లాంటి హల్లుల్ని విడదీసి చెప్పేవి ఎక్కువగా అవే. రేడియోలో గొంతు సుమారు 300 నుంచి 2700 హెర్ట్జ్‌ల మధ్యే వస్తుంది, అంటే ఆ పైవి ముందే కోసుకుపోయి ఉంటాయి. అందుకే వాల్యూమ్ పెంచితే గోల పెరిగేది కానీ మాట తెలిసేది కాదు.

చెవి మిషన్ పెట్టుకున్నాక ఇంకో తమాషా. మిషన్‌లో ఈల రాకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. అది మోర్స్ కోడ్ ‘కుయ్’ శబ్దాన్ని కూడా ఈల అనుకుని వణికించేది. ఆడియాలజిస్ట్‌కి చెప్తే, ఆ ఏర్పాటు ఆపి ఉన్న రెండో ప్రోగ్రామ్ పెట్టిచ్చారు. మిషన్ మైక్ చెవి వెనక ఉంటుంది కాబట్టి చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్ కొన్నాను. మోర్స్ టోన్‌ని 500 హెర్ట్జ్‌కి దించాను. అక్కడ నా చెవి ఇంకా బాగానే ఉంది! లైసెన్స్ కోసం నేర్చుకుని మర్చిపోయిన మోర్స్‌ని మళ్లీ నేర్చుకున్నాను.

చెవితో పనే లేని దారి కూడా ఉంది. 2017లో ఎఫ్‌టీ8 అనే పద్ధతి వచ్చింది. దాన్ని తయారు చేసిన ఇద్దరిలో ఒకరు జో టేలర్, ఫిజిక్స్‌లో 1993 నోబెల్ గ్రహీత. 15 సెకన్లకోసారి కంప్యూటరే సిగ్నల్ పట్టి అక్షరాలుగా చూపిస్తుంది. చెవికి అందనంత సన్నని సిగ్నల్ అయినా సరే.

కానీ అన్నిటికన్నా పనికొచ్చింది ఒక్క వాక్యం. ఇప్పుడు ఎవరితో మాట్లాడినా ముందే చెప్తాను: ‘నాకు వినికిడి తక్కువండీ, అంకెలు విడివిడిగా చెప్పండి.’ వాళ్లు ‘వన్, ఫైవ్’ అంటారు. నేను తిరిగి చదివి వినిపిస్తాను. అప్పుడే రోజర్. ఇంతవరకు ఎవరూ విసుక్కోలేదు.

మీ చెవుల్లో ఇప్పుడు ఇయర్‌బడ్స్ ఉండే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలే వినాలి. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. చెవి లోపల దెబ్బతిన్న కణాలు మళ్లీ మొలవవు. నాకు చెప్పినవాళ్లు లేరు, మీకు నేను చెప్తున్నాను.

ఇంకొకటి. క్లాసులో, ఇంటర్వ్యూలో, ఇంట్లో అమ్మ పిలిచినప్పుడు, ఎక్కడైనా సరే, వినపడకపోతే తల ఊపకండి. ‘మళ్లీ చెప్పండి’ అనండి.

హ్యామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు 73 అంటారు, శుభాకాంక్షలు అని. మీ అందరికీ 73.