వీడియో కెమెరా కొనే ముందు తెలుసుకోవలసిన భౌతికశాస్త్రం



డిజిటల్ వీడియో కెమెరాను ఎలా ఎంచుకోవాలో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం. ఇది బజారు విషయం కదా, ఇందులో శాస్త్రం ఏముంది అని మీలో కొందరికి అనిపించవచ్చు. కెమెరా పెట్టె మీద అచ్చువేసిన ప్రతి అంకె వెనుకా మీరు తరగతిలో చదివిన ఒక సూత్రం ఉంటుంది. ఆ సూత్రం తెలిసినవారికి ఆ అంకె సమాచారం. తెలియనివారికి అది వట్టి ప్రకటన. ఇంట్లో ఎన్నో నెలలు కూడబెట్టిన సొమ్ముతో కొనే వస్తువు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న "ఏ కెమెరా మంచిది?" అన్నది కాదు, "నేను ఏం తీయబోతున్నాను?" అన్నది. మన పుదుచ్చేరి నుంచే మూడు సందర్భాలు తీసుకుందాం. ఒకటి, బీచ్ రోడ్డు మీద సూర్యోదయం. రెండు, హాలులో జరిగే కళాశాల వార్షికోత్సవం. మూడు, ఫ్రెంచి పాలన నాటి రోజులు గుర్తున్న ఒక తాతగారి మాటలు. 1954లో జూన్ 13న యానాం, నవంబరు 1న పుదుచ్చేరి ఫ్రెంచి పాలన నుంచి బయటపడ్డాయి. ఆనాటి పదేళ్ల పిల్లలు ఈనాడు 80 ఏళ్లు దాటినవారు. వారి మాటలను రికార్డు చేయడానికి మనకు మిగిలిన సమయం ఎక్కువ లేదు. ఈ మూడు పనులూ కెమెరాలోని మూడు వేర్వేరు భాగాలను పరీక్షిస్తాయి.

ముందుగా సెన్సర్ సంగతి చూద్దాం. కటకం ఏర్పరచిన ప్రతిబింబం సెన్సర్ మీద పడుతుంది. అక్కడ కాంతి విద్యుదావేశంగా మారుతుంది. సీసీడీ అనే సెన్సర్‌ను 1969లో బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. అందుకు 2009లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇప్పటి కెమెరాల్లో చాలావరకు సీమాస్ రకం సెన్సర్లే ఉంటాయి.

దుకాణంలో మొదట వినిపించేది పిక్సెళ్ల లెక్క. ఫుల్ హెచ్‌డీ చిత్రంలో 1920 × 1080, అంటే సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 4కే చిత్రంలో దానికి నాలుగు రెట్లు, సుమారు 83 లక్షలు. అయితే పిక్సెళ్లు పెరిగినంత మాత్రాన సెన్సర్‌కు అందే కాంతి పెరగదు. వాన కురిసేటప్పుడు పెరట్లో గిన్నె పెట్టినా, గంగాళం పెట్టినా చినుకులు అవే. వెడల్పయిన పాత్రలో ఎక్కువ నీరు చేరుతుంది. సెన్సర్ కూడా అలాంటి పాత్రే. "ఒక అంగుళం" అని పిలిచే సెన్సర్ నిజానికి 13.2 × 8.8 మి.మీ. మాత్రమే ఉంటుంది. చౌక కెమెరాల్లో కనిపించే 1/2.3 రకం దాదాపు 6.2 × 4.6 మి.మీ. వైశాల్యాలు లెక్కగడితే మొదటిది రెండవదానికి నాలుగు రెట్లు. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు 1 లక్ష లక్స్ ఉంటుంది. అక్కడ రెండు కెమెరాలూ బాగానే తీస్తాయి. కొన్ని వందల లక్స్ మాత్రమే ఉండే హాలులో చిన్న సెన్సర్ చిత్రం నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి.

రెండవది కటకం. వార్షికోత్సవంలో వెనుక వరుస నుంచి వేదికను దగ్గరగా చూపాలంటే జూమ్ కావాలి. ఆప్టికల్ జూమ్‌లో కటకాలు కదిలి నాభ్యంతరం మారుతుంది. అందులో స్పష్టత దాదాపు తగ్గదు. డిజిటల్ జూమ్ అంటే ఉన్న చిత్రంలో ఒక ముక్క కత్తిరించి సాగదీయడమే. ఫుల్ హెచ్‌డీ చిత్రాన్ని ఆ పద్ధతిలో 4 రెట్లు పెంచితే, వాస్తవంగా మిగిలే పిక్సెళ్లు పదహారో వంతు, అంటే సుమారు 1.3 లక్షలు. కాబట్టి పెట్టె మీద "200 రెట్ల జూమ్" అని ఉంటే, అందులో ఆప్టికల్ ఎంత అని అడగండి. రెండో అంకెను పట్టించుకోకండి.

మూడవది షట్టర్ వేగం. మన దేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. అందువల్ల ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులు చూపుతాయి. మన కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 1/50 లేదా 1/100 సెకను తెరుచుకుంటే ప్రతి ఫ్రేములోకీ పూర్తి హెచ్చుతగ్గులు సమానంగా వస్తాయి. 1/60 పెడితే లెక్క కుదరక వీడియోలో చారలు పాకుతాయి, వెలుగు రెపరెపలాడుతుంది. అమెరికాలో విద్యుత్తు 60 హెర్ట్జ్. అక్కడి నుంచి అన్నయ్యో బాబాయిగారో తెచ్చిన కెమెరా సెకనుకు 30 ఫ్రేముల పద్ధతిలో ఉండవచ్చు. కొన్నిటిలో దానిని 25కి మార్చే వీలు ఉండదు. అప్పుడు కూడా షట్టర్‌ను చేతితో 1/50కో 1/100కో మార్చగలిగితే ఇబ్బంది తీరిపోతుంది. అందుకే షట్టర్, ఎక్స్‌పోజర్‌లను మనమే మార్చుకునే సదుపాయం ఉందో లేదో తప్పక చూడాలి.

సూర్యోదయానికీ ఆ సదుపాయమే కావాలి. మనది తూర్పు తీరం కనుక ఉదయం సూర్యుడు సముద్రం మీద లేస్తాడు. మనిషిని సముద్రం వైపు నిలబెట్టి తీస్తే, ఆటోమేటిక్ కెమెరా ఆకాశం వెలుగును బట్టి ఎక్స్‌పోజర్‌ను సరిచేసుకుంటుంది. ముఖం నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్ మన చేతిలో ఉంటే ముఖానికి తగినట్టు సరిచేసుకోవచ్చు.

నాలుగవది శబ్దం. కొనేవారు ఎక్కువగా మరచిపోయేది ఇదే. తాతగారి మాటలు రికార్డు చేసేటప్పుడు చిత్రం కొంచెం మసకగా ఉన్నా చరిత్ర నిలుస్తుంది. మాట వినపడకపోతే అక్కడ చరిత్రే లేదు. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల అవతల ఉన్న కెమెరా మైకు కంటే, అరచేయి దూరంలో చొక్కాకు తగిలించిన చిన్న మైకు ఎంతో మేలు. కాబట్టి బయటి మైకు పెట్టుకునే రంధ్రం, హెడ్‌ఫోన్ రంధ్రం లేని కెమెరాను మాటల రికార్డింగుకు కొనవద్దు. సముద్రపు గాలి ఉన్నచోట మైకుకు స్పాంజి తొడుగు కూడా కావాలి.

ఐదవది నిల్వ. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే, 8తో భాగించగా సెకనుకు 12.5 మెగాబైట్లు, గంటకు 45 గిగాబైట్లు. వీ30 గుర్తు ఉన్న కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదు కనుక సరిపోతుంది. కెమెరా ధరతోపాటు కార్డు, అదనపు బ్యాటరీ, మైకు, ట్రైపాడ్ ఖర్చులు కూడా ముందే లెక్కవేసుకోవాలి.

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. 1955లో మన ఊళ్లో స్థాపించిన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో శైవాగమాల తాళపత్రాలు ఉన్నాయి. పుదుచ్చేరిలోని శైవ తాళపత్ర సంపదను 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. తాళపత్రం చదవడానికి కన్ను, లిపి, భాష చాలు. 1995లో వచ్చిన డీవీ టేపు చూడాలంటే దానికి తగిన యంత్రం పనిచేస్తూ ఉండాలి. 2000 ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో పెళ్లిళ్లు మినీ డీవీ టేపుల మీద తీశారు. నేడు ఆ యంత్రాలు దొరకడం కష్టం. మీరు తీసే వీడియోకూ ఈ గతి పట్టకూడదంటే రెండు నకళ్లు రెండు వేర్వేరు చోట్ల ఉంచాలి. కొన్నేళ్లకొకసారి కొత్త మాధ్యమంలోకి మార్చుకోవాలి.

కొనేటప్పుడు దుకాణంలో నాలుగు పరీక్షలు చేయండి. మీ సొంత కార్డు తీసుకెళ్లి ఒక చీకటి మూల తీయండి. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను తీయండి. సీమాస్ సెన్సర్ సాధారణంగా వరుస వెంట వరుస చదువుతుంది కనుక రెక్కలు వంగినట్టు కనిపిస్తాయి. ఎంత తక్కువ వంగితే అంత మంచిది. దీపం కింద 1/60, 1/50 రెండూ పెట్టి తేడా చూడండి. హెడ్‌ఫోన్‌తో మాట వినండి. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూసుకున్నాకే నిర్ణయించుకోండి. బిల్లు, మన దేశంలో చెల్లే వారంటీ తప్పనిసరి. ఉప్పుగాలిలో వాడిన ప్రతిసారీ మెత్తని పొడిగుడ్డతో కెమెరా బయటి భాగాన్ని తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో భద్రపరచండి. తేమ వల్ల కటకం మీద బూజు పడుతుంది.

చివరిగా ఒక మాట. ఇంట్లో ఉన్న ఫోను మంచిదయితే, దానికి ఒక మైకు, ఒక ట్రైపాడ్ చేర్చి ముందు పని మొదలుపెట్టండి. అది ఎక్కడ చాలడం లేదో మీకే తెలుస్తుంది. ఏ కెమెరా కొనాలో అప్పుడు ఎవరినీ అడగనక్కరలేదు. యానాం నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఒక పని అప్పగిస్తున్నాను. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ వీధిలో అందరికంటే పెద్దవారి దగ్గర అరగంట కూర్చుని 1954 గురించి అడగండి. వారి మాటలు రికార్డు చేసి, రెండు నకళ్లు తీసి ఉంచండి.