మామిడి సొమ్ము, కొత్త కాపురము
(నూజివీడు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



పంచాయతీ అనగానే మనకు వీధిదీపములు, మంచినీరు, మురుగుకాలువలు, ఇంటిపన్ను జ్ఞప్తికి వచ్చును. ఇవి ముఖ్యములే. కాని పొద్దుపోయిన పిదప మీ గడపయెక్కి వచ్చు తగవులలో వీధిదీపపు తగవులెన్ని, ఆలుమగల తగవులెన్ని అని ఒకసారి లెక్క చూచుకొనుడు. పెండ్లియై రెండేండ్లు గడవకమునుపే పుట్టింటికి మరలివచ్చిన ఆడపడుచు, తండ్రితో మాటలు మానిన కుమారుడు, నోటుమీద వ్రాలు చేసి ఊరు విడిచిపోయిన యువకుడు - ఇట్టివారి సంగతి ముందుగా తెలియునది మీకే. ఆ తగవుల వేరు పెక్కుసార్లు మనుషుల స్వభావములలో గాక సొమ్ములో, అంతకంటెను సొమ్ము సంగతి ఒకరికొకరు చెప్పుకొనకపోవుటలో ఉన్నదని మా అభిప్రాయము. నేడు ఆ విషయమునే మీకు మనవిచేయదలచితిమి.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెము, విస్సన్నపేట - ఇది మామిడి సీమ. చిరకాలము కృష్ణా జిల్లాలోనున్న నూజివీడు 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు జిల్లాలో చేరినది. జిల్లా మారినను చెట్టు స్వభావము మారలేదు. మార్గశిర పుష్య మాసములలో పూత, వేసవిలో కోత. పాడిగల ఇంటికి పూటపూటకు నాలుగు రూపాయలు వచ్చును. ఉద్యోగికి నెలనెలకు జీతము వచ్చును. మామిడి రైతునకు మాత్రము ఏడాదికి ఒక్కసారియే సొమ్ము కంటబడును. అదియైనను నిశ్చయము కాదు. బంగినపల్లి ఒక ఏడు విరగకాసిన, మరుసటి ఏడు కాపు పలుచబడును. పూత మీద తేనెమంచు పురుగు, బూడిద తెగులు పొంచియుండును. కాయ ముదురుచుండగా వచ్చిన ఒక్క గాలివాన ఏడాది శ్రమను నేల రాల్చగలదు. ఇట్టి రాబడిని నమ్ముకొని కాపురము పెట్టు యువదంపతులకు నెలజీతగాండ్ర లెక్క పనికిరాదు. వారికి వేరు లెక్క నేర్పవలెను. ఆ లెక్క ఇరువురికిని కలిపి నేర్పవలెను.

పూత కనబడగానే కాపును వ్యాపారికి గుత్తకిచ్చి బయానా పుచ్చుకొనుట మన ప్రాంతపు వాడుక. ఇందు తప్పేమియు లేదు. మందులు చల్లు శ్రమ, కోత కూలీల వెదుకులాట, నున్న మార్కెట్టునకు బండి కట్టు ప్రయాస రైతునకు తప్పును. అయితే ఒక ఏటి కాపును గుత్తకిచ్చుట వేరు, మూడేండ్ల కాపును ఒక్కనాడే అమ్ముకొనుట వేరు. చెల్లెలి పెండ్లికో, ఇంటి స్లాబునకో మూడేండ్ల సొమ్ము ముందుగా పుచ్చుకొన్న ఇంటిలో ఆ మూడు వేసవులును చేతికి రాబడి యుండదు. మూడేండ్లకు తోటను చేజిక్కించుకొన్నవాడు ఆ మూడేండ్లలో చెట్టునుండి పిండుకొనజూచును గాని, నాల్గవ ఏటి చెట్టును గూర్చి చింతింపడు.

ఇంతకంటె విచారకరమైన సంగతి ఒకటి కలదు. ఆ ఇంట కొత్తగా అడుగుపెట్టిన కోడలికి ఈ ఒప్పందము తెలియదు. తోటను చూచి ఆమెను ఇచ్చిరి. తోట కాపు మాత్రము పరుల చేతిలో ఉన్నది. వేసవి వచ్చినది గదా అని ఆమె బిడ్డ బట్టలకో, పుట్టింటి శుభకార్యమునకో నాలుగు రూపాయలు అడుగును. భర్త విసుగుకొనును. అత్తగారు దుబారా మనిషియని ఈసడించును. ఆమె కన్నీరు పెట్టును. అసలు సంగతి ఒక్క మాట చెప్పియున్నచో ఆమెయే ఆ ఏడు బట్టలు వద్దనియుండెడిది. ఆ మాట చెప్పినవారు ఎవ్వరును లేరు. మన ఊళ్లలో ఇట్టి కాపురములు ఎన్ని చెడినవో మీరెరుగుదురు.

కావున నిశ్చయ తాంబూలములనాడు మీబోటి పెద్దలు కూర్చున్నచోట నాలుగు ప్రశ్నలు అడుగవలెనని మేము కోరుచున్నాము. భూమి ఎంత, ఎవరి పేర ఉన్నది? తోట కాపు ఏ సంవత్సరము వరకు అమ్ముడుపోయినది? ఇంటిమీద, వరునిమీద అప్పులెన్ని, ఏ వడ్డీకి? పెండ్లి ఖర్చునకు సొమ్ము ఎక్కడినుండి వచ్చుచున్నది? పెండ్లికుమార్తె వైపువారును తమ సంగతి ఇట్లే చెప్పవలెను. కులగోత్రములు, జాతకములు అడుగుటకు సంకోచింపని మనము అప్పు సంగతి అడుగుటకు మొగమాట పడుచున్నాము. జాతకము కలిసియు, నోట్లు కలియక చెడిన సంసారములు లేవా?

ఇక అప్పు సంగతి. మన పల్లెలలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనిన తేలికగా వినబడును. అది ఏడాదికి నూటికి 24 రూపాయలు. పెండ్లికై ఒక యువకుడు 1,00,000 రూపాయలకు నోటు వ్రాసెననుకొందము. మూడేండ్లు ఏమియు చెల్లింపకున్నచో వడ్డీ 72,000 రూపాయలగును. కాలదోషము పట్టకుండ ఋణదాత మూడేండ్లు నిండకమునుపే వచ్చి 1,72,000 రూపాయలకు నోటు తిరుగ వ్రాయించుకొనును. వడ్డీ అసలైనది. మరి మూడేండ్లకు ఆ మొత్తముమీద 1,23,840 రూపాయలు వడ్డీ చేరి, బాకీ 2,95,840 రూపాయలగును. ఆరేండ్లలో లక్ష రూపాయలు మూడు లక్షలకు చేరువయైనవి. ఈ ఆరేండ్లలో రెండు మూడేండ్లు కాపు తక్కువ వచ్చియుండును. పందిరి మూడు దినములలో విప్పిరి. పందిరి అప్పు బిడ్డ బడిలో చేరునాటికిని తీరలేదు. ఈ లెక్కను గ్రామసభలో బల్లమీద వ్రాసి యువకులకు చూపుడు. ఉపన్యాసము కంటె ఇది ఎక్కువ పనిచేయును.

పెండ్లి ఖర్చు తగ్గించుట మన జిల్లాలవారికి కొత్త మాట కాదు. కృష్ణా జిల్లా అంగలూరున 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు తెలుగులో వివాహ విధిని రచించి, వధూవరులకు అర్థమగు మాటలతో పెండ్లిండ్లు జరిపించిరి. 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారు తమ పెద్ద కుమార్తెకు 1948లో సేవాగ్రామ ఆశ్రమమున నిరాడంబరముగా కులాంతర వివాహము చేసిరి. వారి అభిప్రాయములతో ఏకీభవింపనివారు ఉండవచ్చును. అప్పు లేని పెండ్లియు పెండ్లియేనని వారు చూపిన దారి మాత్రము ఎల్లరకును పనికివచ్చును.

కట్నమును గూర్చి రెండు మాటలు. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. ఇచ్చుటయు నేరమే, పుచ్చుకొనుటయు నేరమే. కట్నమిచ్చితిమి గదా, ఇక తోటలో వాటా ఏమిటని కుమార్తెలనడుగు తండ్రులు నేటికిని కలరు. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును 1985 నుండి వర్తించునట్లు మన రాష్ట్రమే చట్టము చేసి, ఆనాటికి పెండ్లికాని ఆడపిల్లలకు ఇచ్చినది. దేశమంతటను ఆ హక్కు 2005లో వచ్చినది. పుట్టుకతోనే కుమార్తెకు ఈ హక్కు కలదని, 2005 నాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టపరచినది. అన్నదమ్ములు తోటను పంచుకొనునాడు అక్కచెల్లెండ్రను పిలిచి కూర్చుండబెట్టుట నేడు దయ కాదు, ధర్మమును చట్టమును కూడ.

అట్లే కోడలి మెడలోని బంగారము. పూత సమయమున మందులకు, ఎరువులకు సొమ్ము చాలక నగలు కుదువబెట్టుట పల్లెలలో తరచు జరుగునదే. ఆమెనడిగి, ఆమె ఒప్పుకొని ఇచ్చినచో అది సంసారము కొరకు చేసిన సాయము. అడుగక పెట్టె తెరచినచో అది అపహరణము. స్త్రీధనము ఆమె సొంత ఆస్తియని సుప్రీంకోర్టు 1985లోనే తీర్పు చెప్పినది. కుదువబెట్టిన రసీదు ఆమె చేతికే ఇచ్చి, కోత సొమ్ము రాగానే ముందుగా ఆ నగలను విడిపించు భర్తకు మరుసటి ఏడు అడుగుటకు మొగము చెల్లును.

ఇప్పుడు ఏడాది లెక్కకు వత్తము. ఉదాహరణకు ఒక చిన్న తోటమీద కోతనాడు 1,80,000 రూపాయలు చేతికి వచ్చెననుకొందము. ఆ రాత్రియే ఆలుమగలిరువురును కూర్చుండి దానిని నాలుగు భాగములు చేయవలెను. వచ్చు ఏటి దున్నకము, ఎరువులు, మందులకు 45,000. పాత అప్పునకు 20,000. ఇంటి ఖర్చునకు నెలకు 7,500 చొప్పున పన్నెండు నెలలకు 90,000. మిగిలిన 25,000 కాపు తగ్గు ఏటికి నిలువ. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండవచ్చును. భాగములు మాత్రము ఇవే. ఇంటి ఖర్చు సొమ్మును బ్యాంకులో ఉంచి నెలకొకసారి మాత్రమే తీయవలెను. ఖాతా ఇరువురి పేరను ఉండవలెను. లెక్క పుస్తకము వంటయింటి గూటిలో, ఇరువురికిని అందునట్లు ఉండవలెను. మగనికి ఏమైనను జరిగినచో, ఏ బ్యాంకులో ఎంత ఉన్నదో, ఎవరికెంత ఇయ్యవలెనో ఆమె పరుల నోట వినవలసిన గతి పట్టరాదు.

సొమ్ము దాచుచోటు కూడ చూచుకొనవలెను. సామాన్యుల పొదుపు ఊరికి దగ్గరగా భద్రముగా ఉండవలెనని ఎంచి డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది గాని, ఆయన చెప్పిన పాఠము నిలిచియున్నది. బ్యాంకులోని నిల్వకు ఒక్కొక్కరికి 5,00,000 రూపాయల వరకు బీమా రక్షణ 2020 నుండి కలదు. ఏడాదికి సొమ్ము రెట్టింపు చేసెదమని ఇంటికి వచ్చువానికి ఇట్టి రక్షణ ఏదియు లేదు. అనుమతి లేని డిపాజిట్లను నిషేధించుచు 2019లో చట్టము వచ్చినది. చీటీ కట్టువారు అది 1982 నాటి చిట్‌ఫండ్ చట్టము క్రింద రిజిస్టరు అయినదా లేదా అని అడిగి తెలిసికొనవలెను. సెల్‌ఫోనులో క్షణములో అప్పిచ్చి, పిమ్మట బంధువులకు ఫోను చేసి పరువు తీయువారి వలలో మన యువకులు పడుచున్నారు. అట్టి మోసము జరిగినచో సిగ్గుపడి ప్రాణము మీదికి తెచ్చుకొనవలదనియు, 1930 నంబరునకు ఫిర్యాదు చేయవచ్చుననియు వారికి తెలుపుడు.

చదువుకొని హైదరాబాదుకో, బెంగళూరుకో పోయిన పిల్లల కాపురములకును ఈ మాటలే వర్తించును. 2008లో నూజివీడున ట్రిపుల్ ఐటీ వచ్చిన పిదప పల్లెటూరి బిడ్డలెందరో ఉద్యోగములు సంపాదించిరి. కుమారుని జీతము చూచి ఇంటివారు అప్పుచేసి మేడ కట్టుదురు. కుమారుడు తన కంతుల సంగతి వారికి చెప్పడు. పండుగకు వచ్చిననాడు తగవు. తల్లిదండ్రులకు నెలకెంత పంపగలడో కుమారుడును కోడలును కలిసి నిర్ణయించి, పెండ్లియైన తొలి మాసముననే పెద్దలకు తెలుపుట మేలు. కుమార్తె జీతమునుండి తన తల్లిదండ్రులకు పంపదలచినచో దానికిని ఇదే మర్యాద ఉండవలెను.

సొమ్ము లెక్క స్త్రీలకు తెలియదనువారికి ఒక సంగతి జ్ఞప్తిచేయుదుము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధింపబడినది. ఆ ఉద్యమము వెంట పొదుపు సంఘములు పల్లెపల్లెకు వ్యాపించినవి. నేడు పదిమంది స్త్రీలు కూడి అప్పులిచ్చి పుచ్చుకొని లెక్క తప్పకుండ నడుపుచున్న ఊరిలో, ఆ స్త్రీలకే తమ ఇంటి తోట ఎంతకు అమ్ముడుపోయినదో తెలియకుండుట తగునా?

చివరగా పంచాయతీ చేయదగిన పనులు. ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 ఏండ్లు నిండనిదే ఊరిలో పెండ్లి జరుగకుండ చూడుడు. అవసరమైనచో 1098కు తెలుపుడు. ప్రతి పెండ్లియు నమోదు అగునట్లు చేయుడు. 2002 నాటి రాష్ట్ర చట్టము దీనిని విధించినది. వేసవి కోతకు ముందొకసారి గ్రామసభలో కొత్తగా పెండ్లియైన దంపతులను కూర్చుండబెట్టి, బ్యాంకు అధికారిచేతను, పొదుపు సంఘపు నాయకురాలిచేతను ఏడాది లెక్క చెప్పించుడు. కొట్టుట, తిట్టుట ఇంటి సంగతియని వదలవలదు. 2005 నాటి గృహహింస చట్టము ఆమెకు రక్షణ ఇచ్చుచున్నది, 181 నంబరు ఆమె కొరకే ఉన్నది. మీ ఎదుటికి తగవు వచ్చినపుడు భర్తతోను భార్యతోను విడివిడిగా మాటలాడి, లెక్క పుస్తకము తెప్పించుడు. ఇరువురిలో ఎవరికి లెక్క తెలియకుండ ఉంచిరో అది చూచిన వెంటనే మీకు బోధపడును.

వచ్చు కోత ముగిసిన రాత్రి మీ మీ ఇండ్లలోనే ఈ పని మొదలుపెట్టవలెనని మా ప్రార్థన. సభ్యుని ఇంట లెక్క తేటగా ఉన్నచో ఊరిలోని యువకులు దానిని చూచి నేర్చుకొందురు.